లోపలికి ఊడ్చే చీపురు

మా అమ్మమ్మ యుఫ్రాజియా
గుమ్మం వైపు ఎన్నడూ ఊడ్చేది కాదు.
వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి
చెత్తంతా నడింట్లోకి పోగేసి
చేటకెత్తి, పెరటిదారిన పారబోసేది.
ఎందుకే అంటే
"అలాగే ఊడవాలి."
అంతే.
సెరిదో ఎండల్లో మాటలు కూడా
నీళ్ళంత పొదుపుగా వాడేవాళ్ళం.

శుక్రవారం పొద్దువాలాక
ఖాళీ పిండిజాడీ అడుగున దీపం పెట్టి
మూత ఓరగా వేసేది.
ఏ పునీతుడికని అడిగితే
"ఆత్మలకి" అనేది, మొహం తిప్పుకుని.
గుడ్డు పగలగొడితే ఎర్రచుక్క కనిపించిందా,
కరువు ఏడాదైనా సరే, అది కుక్కకే.
చుక్కల్ని వేలితో లెక్కపెడితే
వేలికి పులిపిర్లు లేస్తాయనేది.
ఆదివారం మాత్రం అందరికంటే ముందు చర్చిలో ఉండేది.
ఆమె జపమాల పూసలు
చింతగింజల్లా అరిగి నునుపెక్కాయి.

ఆమె పోయిన రోజు
మా పెద్దమ్మ ఇంట్లోని కుండలన్నీ బోర్లించింది.
బిందెడు నీళ్ళకి నాలుగు మైళ్ళు నడిచే ఊళ్ళో
వాకిట్లో నీళ్ళు పారుతుంటే
ఎవరూ నోరు మెదపలేదు.

నాకు యాభై ఒకటో ఏట,
కైకో బస్టాండులో టికెట్లు చింపుకునే నా దగ్గరికి
పినతండ్రి కొడుకు అడెర్బాల్ వచ్చాడు.
లిస్బన్‌లో తీయించిన పాత కాయితాల నకళ్ళు,
మూడొందల ఏళ్ళ నాటి మతవిచారణవి, ముందు పరిచాడు.
ఫిలిపా నూనిస్, వితంతువు.
శుక్రవారం ఉతికిన రవిక తొడిగింది.
దీపానికి కొత్త వత్తి వేసింది.
చావింట నీళ్ళు పారబోసింది.
ఇల్లు లోపలికి ఊడ్చింది.
సాక్షి: పక్కింటావిడ.

వాళ్ళు రాసుకున్నది నేరాల పట్టీ.
నేను చదివింది మా అమ్మమ్మ వారం.
కౌంటరు ముందు జనం అరుస్తున్నారు.
బస్సు వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగేళ్ళు.
ముప్పై అక్షరాలు కూడా లేని లిపి
నా కళ్ళజోడు నంబరు రెండుసార్లు మార్చింది.
మా అమ్మ జుల్మీరా ఒకే మాట అడిగింది:
"నీకు జ్ఞానస్నానం చేయించిన నీళ్ళు అబద్ధమా?"
కాదమ్మా అన్నాను.
ఆ తర్వాత ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ముగ్గురు రబ్బీలు.
మొదటిసారి వెళితే మళ్ళీ రమ్మన్నారు.
రెండోసారీ అంతే.
అడెర్బాల్ కాయితాలు తీస్తే
పెద్దాయన చదివి, కళ్ళు తుడుచుకుని,
జాగ్రత్తగా మడతపెట్టి తిరిగిచ్చాడు:
"ఇది ఆమె కథ. నువ్వు చేరాలమ్మా, కొత్తగా."
ఒళ్ళు మండింది.
మా ఇంటి తాళంచెవి నా కొంగునే ఉంటే
తలుపు తట్టమంటారేమిటి!
రాత్రంతా నిద్ర లేదు.
పొద్దున లేచి తట్టాను.

సముద్రం ఉన్నది నతాల్‌లో,
క్రిస్మస్ పేరు పెట్టుకున్న ఊళ్ళో.
తెల్లారకముందే ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి అడ్డం పట్టారు.
ఎండిన నేలలో పుట్టినదాన్ని,
మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగి ఎరగను.
ఒక్క వెంట్రుకైనా తేలకూడదన్నారు.
మునిగాను.
చెవుల్లో హోరు. ఉప్పు.
రెండోసారి భయపడ్డాను.
మూడోసారి లేచేసరికి
దుప్పటికి అటువైపు ఎవరో ముక్కు చీదుకుంటున్నారు.

పేరేమిటన్నారు.
రూతు అంటాననుకున్నట్టున్నారు.
నయోమి అన్నాను.
వెళ్ళి, వట్టిచేతులతో తిరిగొచ్చిన మనిషి పేరు.
అయినా కాయితం మీద రాసింది
"మతం పుచ్చుకున్నది" అనే.
సంతకం చేశాను. చెయ్యి వణకలేదు.

ఇప్పుడు శుక్రవారం దీపాలు బల్ల మీదే, అందరికీ కనబడేలా.
కాని వెలిగించగానే నా చేతులు
వాటంతటవే వెళ్ళి కిటికీ మూసేస్తాయి.
మళ్ళీ తెరుస్తాను.

మొన్న మనవరాలు ఇవొనీల్డి
నేను ఊడుస్తుంటే ఎందుకలా అంది.
ద్వారబంధం మీది చిన్న గొట్టం చూపించాను:
అందులో దేవుడి మాట ఉంది,
దాని ముందునుంచి చెత్త ఈడ్వకూడదు.
ఓహో అని ఆటకి పరిగెత్తింది.

కారణం చెప్పాక
చీపురు కాస్త తేలికైనట్టనిపించింది.
అది మంచికో కాదో తెలియదు.
నడింట్లో దుమ్ము ఇంకా పోగుగానే ఉంది.
వంగి, చేటకెత్తాను.