సోలమ్మ గోడ

ఆమె పేరు సొలాంజ్.
కొత్తవాడ నోరు తిరగక సోలమ్మ అయింది.
గింజలు కొలిచే సోల అని అర్థం చెప్తే
నవ్వి అన్నది,
"అయితే మెల్లగ పొయ్యండి."

జంపఖానాల నూలుకు రంగెక్కించుడు నేర్వనొచ్చి
మా మిద్దె మీది అర్రల మూడేండ్లాయె.
శనివారం రాత్రి సున్నం గోడ మీద సినిమా.
ఫ్రాన్సుది కాదు, అమెరికాది.
మీ దేశంవి చూడవా అంటే
"మావోళ్లు మాట్లాడుతనే ఉంటరు,
ఆ మాటలు మా ఇంట్లనే చాలా విన్న.
ఇంత పెద్ద దేశం, తొందర లేకుండ
ఒక మూలకు కూసుంటే
చూడబుద్ధైతది."

నేను ముప్పయ్యేండ్లు ప్రొజెక్టర్ నడిపినోన్ని.
అమెరికా అంటే నాకు పేలే కారు,
కూలే బంగ్లా, చివరి రీల్ల జెండా.
ఈ సినిమాల ఒకామె
బట్టలుతికే మిషిన్ ముందు కూసుంటది.
మిషిన్ తిరుగుతది.
మిషిన్ ఆగుతది.
చిల్లర కోసం సంచి దేవులాడుతది, దొరకది.
గంతే.

ఇంకో సినిమాల పెట్రోలు బంకు పిలగాడు
మంచు పడే రోడ్డును చూస్తడు,
మనం వాన్ని చూస్తం.
పక్కింటి పోశాలు ఎంతసేపని చూస్తడు?
"ఫైటింగు లేదా?" అనుకుంట లేచిపోయిండు
చెప్పులు మా మెట్ల మీదనే మరిచి.

నా చేతులు కూడా దురదపెట్టినయి,
కత్తెర కోసం.
నిజం చెప్తున్న.
పరకాల లాస్ట్ బస్సుకు ముందే
రెండో ఆట ఇడవాలె, అది ఓనర్ మాట.
కథకు తాకకుండ కోయాలె.
ఏది కథ కాదో నాకంటె ఎవరికి తెల్సు?
మెట్లెక్కే నడక కోసిన.
ఉత్తరం మడిచే చేతులు కోసిన.
మనిషి వెళ్లిపోయినంక మిగిలిన తలుపు,
అదైతే ఆలోచించకుండనే కోసిన.
బస్సు ఏనాడు తప్పలే.
ముక్కలన్ని బిస్కెట్ల డబ్బాల ఉండేటివి,
గ్రహణం నాడు గల్లీ పిల్లలు
కండ్లకడ్డం పెట్టుకొని సూర్యున్ని చూసేటోళ్లు.

ఈ రాత్రి గోడ మీద
ఆమె బయటికొచ్చి తలుపేసి పోయింది.
బొమ్మ కదల్లే.
తలుపు. తలుపు మీద పగిలిన పసుపు రంగు.
కాజీపేట దిక్కు గూడ్సు కూతేస్తే
సినిమాలనే అనుకున్న.
మా ఇంటి బల్లి ఒకటి
అమెరికా గడప దాటి పోయింది.
ఎనుమాముల గాలికి మిర్చి ఘాటు,
సోలమ్మ తుమ్ము ఆపుకుంటున్నది,
తలుపుకు వినపడుతదేమో అన్నట్టు.

మెట్ల మీద అడుగులు.
చెప్పుల కోసం వచ్చిన పోశాలు
ఒకటి తొడుక్కున్నడు.
రెండోది చేతిల పట్టుకొని
గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డడు.
ఎంతసేపో.
"లోపల ఎవరన్న ఉన్నరా?"
అన్నడు, మెల్లగ.