ఎక్కడిదని అడగలె

హన్మకొండల పిలగాండ్ల కోర్టు కాడ
నాకు కుర్చీ వేసిన్రు.
"యాకూబ్ పాషా, ఈ అబ్బాయి నీకెన్నాళ్ల నుంచి ఎరుక?"
కళ్లద్దాల మేడం మెల్లగ అడిగింది.
రెండేండ్లు, అన్న.
"ఎందుకిట్లయిండో ఏమన్న తెలుసా?"
తెల్వదు, అన్న.

తెలుసు.

ఎనుమాముల పోయే తొవ్వల నా పాతసామాన్ల దుకాణం.
వాడు మొదలు తెచ్చింది రాగి కాదు, మేడం,
పుస్తకాలు.
యూరియా సంచి నిండ, తొమ్మిది కిలోలు.
ఎనిమిదో తరగతి లెక్కలు, సాంఘికం, సగం రాసిన నోట్సులు.
ప్రతి అట్ట మీద పేరు: కె. ఓదెలు.
పేరు కింద గీత, గీత కింద ఇంకో గీత.
కిలకు పది, తొంభై చేతుల పెట్టిన.
"బడికి పోవారా?" అంటే నవ్విండు.
నవ్వుకు తూకం లేదు గద, సంచి కట్టి మూలకేసిన.

వాళ్లమ్మ స్వరూప కోల్డ్ స్టోరేజీల మిర్చి తొడిమెలు తీస్తది.
పొద్దుగూకి ఇంటికొస్తే
వాని మొఖం నిమరదు.
నిమిరితే కండ్లు మండుతయని.
సబ్బుతోని కడిగినా పోదట ఆ ఘాటు.
ఏండ్లకేండ్లు ఆ పిలగాడు
తల్లి చెయ్యి తాకక పెరిగిండు, ప్రేమ తక్కువై కాదు.

నాయిన బోరుబండి మీద ఛత్తీస్‌గఢ్ దిక్కు.
వచ్చిన నాలుగు దినాలు తాగుడు,
అయిదో దినం బెల్టు,
ఆరో దినం బండి హారన్.

ఒకసారి వాడకట్టుల సైకిల్ పోయింది.
వీడు తియ్యలె.
ఠాణాల పూటంత గోడకు కూర్చోబెట్టి
సైకిల్ దొరికినంక పంపిన్రు.
సైకిల్ దొరికిన ముచ్చట ఎవ్వలికీ యాదికి లేదు.
దొంగోదెలు అన్న పేరు మాత్రం నిలబడ్డది.
పేరు ముందొచ్చింది,
దొంగతనం ఆనక, దాని ఎనుకనే నడిసొచ్చింది.

గప్పుడే పల్సర్ బండి మీద ఒకడొచ్చి
"తమ్మీ, తిన్నవా?" అన్నడు.
అంతే అన్నడు.
ఎవడన్న పోతడు, మేడం, ఆ మాట ఎనుక.

వానలు పడ్డంక రాగి తీగె తెచ్చిండు.
కాల్చిన తీగె, రబ్బరు పొగ వాసన, గోర్లల్ల మసి.
బజార్ల ధర నాకెరుక.
సగమే ఇచ్చిన.
సగమెందుకో వానికెరుక, నాకెరుక.
ఇద్దరం ఒక్క మాట అనుకోలె.
మా దోస్తానా అంత అదే.

అదే వారం మా చిన్నోని స్కూలు ఫీజు కట్టిన.
ఇద్దరూ ఒక్క ఈడోళ్లు.

గీసుకొండ దిక్కు ట్రాన్స్‌ఫార్మర్ పోయి
పొట్టకొచ్చిన వరి ఎండిన రైతు గూడ వచ్చిండు కోర్టుకు.
తిడతడేమో అనుకున్న.
పిలగాని కాళ్లకు చెప్పుల్లేనిది చూసి
"కరెంటు గుంజితే బొగ్గయితుంటివి గదరా" అన్నడు,
మొఖం పక్కకు తిప్పుకున్నడు.

కాయితంల కారణం అన్న కాడ జాగ చిన్నగున్నది.
చెడు సావాసం, రాసిన్రు.
ఎవల సావాసమో రాయలె.
కేసుల నేను సాక్షిని.
అట్లెట్లయిన్నో అది వేరే లెక్క,
దాని తూకం ఠాణాల అయింది.
కింద సంతకం పెట్టిన.

బయటికొస్తుంటే వరండాల ఓదెలు.
"సాబ్, నా లెక్కల పుస్తకం ఉన్నదా ఇంక?"
అవి ఎన్నడో కాయితాల మిల్లుకు పోయినయ్.
చూస్త, అన్న.

నిన్న ఇంకో పిలగాడొచ్చిండు,
మూతి మీద నూగు గూడ రాలె.
సంచి దించకముందే అడిగిన,
ఎక్కడిది బిడ్డా?
ఉలిక్కిపడి సంచి ఎత్తుకొని
తొవ్వ దాటి ఎదురుంగ దుకాణంల జొచ్చిండు.

అది మా బామ్మర్దిది.
వాడు అడగడు.
పని నా కాన్నే నేర్సుకున్నడు.