సాగిన రేకు

ములుగు రోడ్డుల, టైర్ల దుకాణం పక్క సందుల
నా బోర్డు ఒక్కటే ముచ్చట చెప్తది:
రంగు వేయకుండ సొట్టలు తీయబడును.
చదివి నవ్వుకుంట పోయేటోళ్ళే ఎక్కువ.

పొద్దున పదిన్నరకు సారయ్య వచ్చిండు.
వకీలు సారు కారు, చింతపండు రంగు,
వెనక ఎడమ తలుపు మీద పళ్ళెమంత సొట్ట.
బామ్మర్ది మిర్చికి ధరెంతుందో చూద్దామని
అడగకుండ బండి తీసుకొని ఎనుమాముల పోయిండట.
బస్తాల ట్రాలీ రివర్స్‌ల వచ్చి గుద్దింది.
రంగు పగల్లేదు, అదొక్కటే అదృష్టం.
"సారు ఐదింటికి కాజీపేటల దిగుతడు,
గప్పటిదాకనే నా నౌకరి" అన్నడు.

ట్యూబ్‌లైటు తెచ్చి తలుపు ముంగట నిలబెట్టిన.
మంచి రేకు మీద వెలుగు గీత
కొత్తవాడ మగ్గం మీది పడుగుపోగు లెక్క సక్కగుంటది.
ఇక్కడ, కప్పను మింగిన పాము.

అద్దం సందుల నుంచి కడ్డీ దించి
లోపటి నుంచి ఒత్తిన.
టక్. బయటికొచ్చింది.
చెయ్యి తీసిన.
టక్. లోపటికి పోయింది.
నూనె డబ్బా అడుగు నొక్కినట్టు
ఇటు టక్, అటు టక్,
సారయ్య మొఖం దానితోపాటే వెలుగుడు, ఆరుడు.

రేకు సాగిందన్నా.
ఉత్త గుంతయితే లేపొచ్చు.
ఇది అట్ల కాదు, ఉన్న జాగ అంతే, రేకు పెరిగింది.
ఇద్దరు పట్టే నులకమంచంల మూడోవాడు పండినట్టు
ఎటు జరిపినా ఒకడు కింద పడుతడు.

మా తాత కనకాచారి
పెంబర్తిల ఇత్తడి రేకు కొట్టేటోడు.
లక్క మీద పరిచి, వెనక నుంచి కొట్టి కొట్టి
హంసను లేపేటోడు, దాని ముక్కుల తామర కాడతో సహా.
"కొడితే సాగుతది రా,
సాగినదాన్ని సదురుడే పనితనం" అనేటోడు.
ఆయన వెనక కొడితే ముంగట బొమ్మ.
నేను వెనక ఒత్తితే ముంగట ఏమీ ఉండొద్దు.
బాగ చేసిన రోజు
చూపెట్టెటందుకు నా దగ్గర ఏం మిగలది.

నడుమ ముట్టలే.
గుంత చుట్టూ గట్టు కట్టి ఉన్నది,
కంటికి ఆనదు, బొటనవేలికి ఆనుతది.
వేడిగాలి ఊదిన, చేతి వెనకకు ఓర్చుకునేంత.
నైలాన్ మొన పెట్టి చిన్న సుత్తితోటి
గట్టు మీద ఒక్కొక్క దెబ్బ,
పాలు తాగిన పసిపిల్లకు తేన్పు రావాలని
వీపు మీద తట్టినంత.
నాలుగొందల దెబ్బలో, ఆరొందలో.
సారయ్య రెండుసార్లు చాయ్ తెచ్చిండు,
రెండూ చల్లారినయ్.
మూడింటికి కడ్డీ ఒత్తి, చెయ్యి తీసిన.
టక్ అనలే.

గీత నిలబడ్డది.
నిజం చెప్పాలె గదా,
పిడి కింద రెండువేళ్ళ మందం
ఇంకా కొంచెం వణుకుతున్నది.
"వకీలు కన్ను పడుతదా అన్నా?"
"ట్యూబ్‌లైటు పట్టుకొని తిరుగుతడా మీ సారు?"
స్విచ్ బంద్ చేసిన.

ఆదివారం మళ్ళ వచ్చిండు,
బండి లేదు, చేతుల మిర్చిబజ్జీల పొట్లం.
ఫాతిమానగర్ బ్రిడ్జి దిగకముందే చెప్పేసిండట,
కడుపుల టక్ టక్ ఆగలేదట.
సారు పక్కకు ఆపించి దిగిండట.
ఎక్కడరా అంటే
చూపెట్టబోయి సారయ్యకే దొరకలేదట.
ఇద్దరూ వంగి వంగి వెతికి
ముంగటి బంపర్ మీద ఒక పాత గీత కాడ ఆగిండ్రట.
"ఇదేనా?"
"అది మీరు గీకిందే సార్, దసరాకు."

నౌకరి ఉన్నది.
బజ్జీ నములుకుంట అడిగిండు:
"గా వణుకు ఇంకా ఉన్నదా అన్నా?"

ఉన్నది.
తలుపు తీసినప్పుడల్ల
నీ వేళ్ళు దాని మీదనే పడతయ్,
తెల్వది, గంతే.