గార్డు పచ్చ

తొలకరి పడిన మర్నాడు
వజ్రకరూరు చేలల్లో నడుములన్నీ వంగే ఉంటాయి.
గుడారమేసుకున్నోళ్లు, మోటారుసైకిళ్ల మీదొచ్చినోళ్లు,
బడి ఎగ్గొట్టిన పిల్లోళ్లు,
అందరి కళ్లూ తెలుపు కోసమే.
నేనూ అంతే, నిరుటి దాకా.

కొంగుకంటిన ఎర్రమట్టి దులుపుతుంటే
శెనగ్గింజంత రాయొకటి రాలింది.
ఎండకెత్తి పట్టుకుంటే
నీళ్లడుగున పాచి కదిలినట్టు
లోపలేదో కదిలింది.

గుత్తిలో షావుకారు భూతద్దం కూడా తీయలే.
"సీసాపెంకు" అన్నాడు.
పెంకైతే తెగాల గదన్నా, చూడు, తెగలే, అని వేలు చూపించినా.
టీ తాగి పొమ్మన్నాడు.

నబీసాబు సంగతి చెప్పింది ఆ టీ పోసినోడే.
గుంతకల్లులో గూడ్సు గార్డంట,
ముప్పయ్యొక్కేండ్లు చేసి దిగిపోయినాడంట,
పచ్చరాళ్లంటే పడి చస్తాడంట.

హోమియో మందులపెట్టె తెరిచినాడు.
సీసాలుండాల్సిన గుంటల్లో దూది,
దూది మీద పచ్చలు.
చిలకరెక్క, లేత చింతాకు,
మబ్బు కమ్మినప్పటి కొర్రచేను.
ఒక్క గుంట మాత్రం ఖాళీ.
"పన్నెండేండ్లాయ, రాలే" అన్నాడు,
అలిగిపోయిన చుట్టం గురించి చెప్పినట్టు.

నా రాయిని నాలికతో తడిపి
కిటికీ కాడికి పోయినాడు.
నాలుగడుగుల దూరం.
చానాసేపు తిరిగి రాలే.

"ఇది వజ్రం గాదు తల్లీ.
వజ్రం పైకొచ్చేటప్పుడు దాని ఎంట వచ్చే రాయి.
దీన్ని చూసి ఆనవాలు పడతారు,
పారేసి దాన్ని ఎతుక్కుంటారు.
ఇంత ముదురు రంగు నేనూ చూడలే."
ఎంతిస్తావంటే అంకె చెప్పినాడు.
షావుకారి నవ్వు కంటే పెద్దది,
నా అప్పు కంటే చిన్నది.

నోటు నోటూ తడిమి ఎంచుకుని,
ఎందుకు సా, ఈ పచ్చపిచ్చి? అన్నా.
ఆయన పలకలే.
చాయ్ గ్లాసులు దించుతా ఖాతూన్‌బీ అందుకుంది:
"బతుకంతా పచ్చలైటు ఊపినాడమ్మా.
ఊపిందల్లా కదిలి పోయేదే గదా.
ఇవి పోవు."
"అదేం లేదు, రంగు బాగుంటాది, అంతే"
అని గొణిగినాడు.
గుంటలో రాయి వదులైంది.
ఇంకొంచెం దూది కుక్కినాడు.

ఈ ఏడు కూడా వాన పడింది.
తెల్లది దొరికితే బాగుణ్ణు, దొరకాల,
వడ్డీ ఆగదు గదా.
అయినా కన్ను ముందు పచ్చ మీదికే పోతాది.

మొన్న సందేళ ఒకటి దొరికింది,
పెసరగింజలో సగం.
సున్నం డబ్బీలో పెట్టినా.
దీపమార్పేముందు ఒకసారి మూత తీస్తా.

నబీసాబుకు చెప్పలే.