కుట్టుకు వదిలిన అంగుళం

వేన్నీళ్లకు చన్నీళ్లు తోడంటారు.
మా మరకాయిబోలో కుళాయి తిప్పితే వేన్నీళ్లే,
అదీ నీళ్లొచ్చిన రోజున.
చన్నీళ్లు మాత్రం
రాత్రి కంప్యూటరు ముందు కూర్చుంటేనే.

బడిలో భూగోళం చెప్పినందుకు
నెల తిరిగేసరికి చేతికొచ్చేది
ఒక జున్ను ముక్క, అరడజను గుడ్లు.
అందుకని చీకటి పడ్డాక
నేనెప్పుడూ నడవని వీధుల్లో
మనుషుల చుట్టూ గీతలు గీస్తాను.

ఏ దేశపు వీధులో చెప్పరు.
డ్రైవరు లేని కార్లకు
మనిషంటే ఏమిటో నేర్పాలట.
ఫొటోకి నాలుగు సెంట్లు,
వానలో తీసిందైతే ఐదు,
గొడుగులుంటే గొడవెక్కువ కనుక.

ఇక్కడ పెట్రోలు బంకు ముందు
కార్లు రెండేసి రోజులు కదలవు.
వాటికి డ్రైవర్లున్నారు,
సీట్లలోనే నిద్రపోతారు.

కరెంటు ఎప్పుడు పోతుందో కరెంటుకే తెలియదు.
పక్కింటి అస్ద్రూబల్ తన లారీ బ్యాటరీ నుంచి
గోడమీదుగా వైరు లాగిచ్చాడు.
వారానికి రెండు డాలర్లు,
ఫ్యాను పెట్టకూడదని ఒప్పందం.
చెమట కీబోర్డు మీద పడకుండా
నుదుటికి తువ్వాలు కట్టుకుంటాను.

మొన్న నా మణికట్టు వాచింది.
అమ్మ చూసి, కుర్చీలోంచి లెమ్మంది.
డెబ్బై ఒకటేళ్ల యూదోమిలా,
సగం పేటకి పెళ్లి గౌన్లు కుట్టిన మనిషి.
ఇప్పుడు కుట్టించుకునేవాళ్లు లేరు.
మిషను మీద ఉల్లిపాయల బుట్ట.

మౌసుని మొదట సుద్దముక్కలా
రెండు వేళ్లతో పట్టుకుంది.
తెరమీది మనుషుల్ని ఎగాదిగా చూసి
"వీడి ఎడమ భుజం దిగింది,
సంచీ ఎప్పుడూ ఒకే పక్క మోస్తాడు" అంది.
"ఈ పిల్లకి మూడో నెల.
ఇంట్లో ఇంకా చెప్పినట్టు లేదు."

ఎనిమిది నెలలుగా చూస్తున్నాను,
నాకొక్క భుజమైనా కనబడలేదు.

మెడ వంపు, చంక మలుపు, మోచేతి సందు,
ఎక్కడా చెయ్యి వణకలేదు.
పన్నెండయ్యేసరికి అరవై మందిని గీసింది.
పొద్దున చూస్తే అరవై మందీ వెనక్కొచ్చారు.
గీత వదులుగా ఉందట.
నా మార్కులు తొంభై మూడు నుంచి
డెబ్బై ఎనిమిదికి జారాయి.
ఇంకో మూడు పోతే ఖాతా మూత.

పెద్దది చేసి చూశాను.
ప్రతి మనిషి చుట్టూ, తల నుంచి చెప్పు దాకా,
అంతటా ఒకే కొలత,
వేలెడు ఖాళీ.

"ఏమిటమ్మా ఇది?"
"కుట్టుకి వదలొద్దటే?
ఒంటిని అంటుకునేలా కత్తిరిస్తే
ఊపిరెలా తీస్తాడు?
రేపు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడనుకో,
విప్పుకోవడానికి బట్ట ఉండాలి కదా!"

యంత్రానికి ఊపిరక్కర్లేదన్నాను.
"యంత్రానికి కాదే పిచ్చిదానా,
వాడికి."

నేను అరిచాను. ఏమన్నానో రాయను.
ఆమె ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది.

ఆ రాత్రి నుంచి బిగుతుగా గీస్తోంది,
పెదవులు కూడా బిగించి.
భుజాల గురించి మాట్లాడదు.
మార్కులు తొంభై ఆరు.
వారం తిరిగేసరికి పదకొండు డాలర్లు.
రెండు అస్ద్రూబల్‌కి, మిగతావి మొక్కజొన్న పిండికీ
మందులకీ, నేనడగకుండానే ఆమె కొన్న
ఒక సూదుల పొట్లానికీ.

నిన్న ఒక బాల్కనీ వచ్చింది.
తీగమీద పూల గౌను.
లోపల ఎవరూ లేరు కానీ
గాలి నిండి నడుము తిరిగి ఉంది.
నిబంధన స్పష్టం:
మనిషి లేని బట్ట మనిషి కాదు.

అమ్మ బాణం గుర్తు దానిమీదే ఆగిపోయింది.
"వదిలెయ్" అన్నాను.
"మెడ పట్టీ మిషను కుట్టు కాదు,
చేత్తో వేశారెవరో" అంది.
"వదిలెయ్యమ్మా, నాలుగు సెంట్లు."
మొదటి చుక్క పెట్టింది, రెండోది.
మూడో దాని మీద వేలుండగా
గోడవతల బ్యాటరీ చచ్చిపోయింది.

గీత పూర్తయిందో లేదో,
ఫొటో వెళ్లిందో లేదో తెలియదు.
చీకట్లో చెమట తుడుచుకుంటూ కూర్చున్నాం.
కాసేపటికి అమ్మ గొంతు,
ఎవరో పక్కన నోటుపుస్తకంలో రాసుకుంటున్నట్టు:
ఛాతీ ముప్పై ఆరు,
నడుము ముప్పై,
కుట్టుకి ఒకటి.