అవతలి కొస

మొగిలి కనుమ ఎక్కినాక ఎడమచేతి పక్క
బోడిగుట్ట మీద ఉంటుంది మా పళ్ళెం.
కింద తోటాపురి తోపులు,
బెంగుళూరుకు పోయే టమాటా లారీల లైట్లు.
రాత్రి రెండున్నరకి
దాని మొగం నడినెత్తికి కాస్త ఉత్తరంగా తిప్పుతాను.

కావలి చెంగల్రాయులు బీడీ ఆర్పి అడిగాడు:
"ఏందమ్మే, ఏం కొలస్తా ఉండావు?"
"భూమిని."
నవ్వలేదు.
ముప్పై ఒక్క ఏండ్లు సర్వే ఆఫీసు గొలుసు మోసిన మనిషి.
పుంగనూరు నుంచి కుప్పం దాకా
ఏ గట్టు కింద ఏ రాయి పూడిందో అరికాలితో చెప్పగలడు.

"అయితే అవతలి కొస ఎవురు పట్టుకోనుండారు?"

ఈ చదువు చదివినన్నాళ్ళూ
ఇంత సూటిగా ఎవరూ అడగలేదు నన్ను.

జపానులో, సముద్రం పక్కన, ఇంకో పళ్ళెం ఉంది.
అక్కడ అప్పుడే తెల్లారిపోయి ఉంటుంది.
పేరు తెలియని ఎవరో నాలాగే ఆవులిస్తూ
నేను చూసేదాన్నే చూస్తుంటారు.
చూడటం కూడా కాదు, అది కంటికి ఆనదు.
భూమి ఇంకా పుట్టకముందే బయల్దేరిన రొద,
పెనం మీద నూనె చిటపటలాడినట్టు.
ముందు నాకు తగిలి, తర్వాత వాళ్ళకి తగులుతుంది.
నడుమ తేడా రెప్పపాటులో పదోవంతైనా ఉండదు.
ఆ తేడాయే మా గొలుసు.

"ఎండాకాలం గొలుసు సాగతాది" అన్నాడు.
"మే నెల్లో కొలిస్తే చేను తరుగు చూపిస్తాది.
రైతు కట్టె ఎత్తుకోని వస్తాడు.
ఆ తరుగు కలిపి రాసేవోళ్ళం."
మాకూ అంతే.
ఎండకి ఈ ఇనుమూ పెరుగుతుంది.
మబ్బు కమ్మితే రొద తడిసి ఆలస్యంగా దిగుతుంది,
గాలిలోని తేమనంతా లెక్కగట్టి తీసెయ్యాలి.
భూమి కూడా అన్ని దినాలూ ఒకే వడిని తిరగదు అంటే
"గానుగెద్దే తిరగదు" అన్నాడు.

ఈ గుట్ట ఏటా ఐదు సెంటీమీటర్లు
ఈశాన్యానికి జరుగుతోందని చెప్పాను.
"ఈశాన్యమా? మంచిదే" అని
వేళ్ళు మడిచాడు చాలాసేపు.
"నా సర్వీసులో ఐదడుగులు."
కాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"బైరెడ్డిపల్లె అన్నదమ్ములు జానెడు గట్టుకి
పదకొండేండ్లు కోర్టుకి తిరిగిరి.
రాయీ జరిగింది, చేనూ జరిగింది,
కోర్టు కూడా జరిగిందన్నమాట.
జానెడు మాత్రం ఆడనే ఉండాది."

తర్వాత, నేను అడక్కుండానే:
"నా అవతలి కొస మునిరత్నం. ఎర్రజెండా వాడిది.
అన్నేండ్లు కలిసి తిరిగినా వాడి మొగం సరింగా చూసింది లేదు,
ఎప్పుడూ అరవై ఆరు అడుగుల దూరమే కదా.
చేతికి బిగి తెలస్తాది.
వాడికి జొరమొచ్చిన దినం
వాడు చెప్పలా, గొలుసే చెప్పింది."

మునిరత్నం ఇప్పుడు ఎక్కడున్నాడని
నేను అడగలేదు.
పక్క గదిలో గడియారం ఉంది,
ఊరికే తలుపు తీయకూడదు.

పదిహేడు రోజులకి లెక్క వచ్చింది.
రెండు రొదల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి
జరిపీ జరిపీ, అతికిన చోట ఆపితే
ఆరువేల చిల్లర కిలోమీటర్లు,
నాలుగు మిల్లీమీటర్లు అటో ఇటో.
"ఆ నాలుగూ ఎవురి తప్పు? మనదా, వాళ్ళదా?"
"తెలీదు."
"ఎప్పుడూ తెలీదులే" అన్నాడు తృప్తిగా.

ఈ పొద్దు పళ్ళేనికీ గట్టు మీది సిమెంటు దిమ్మెకీ
నడుమ దూరం కొలవాలి, ఏటా కొలిచేదే.
దిమ్మె మీద అద్దం కడ్డీ పట్టుకోడానికి
కుర్రాడు రాలేదు.
చెంగల్రాయులు చెప్పులు విడిచి ఎక్కాడు.
నా దుర్బిణిలో ఆయన మొగం లేదు,
కడ్డీ ఉంది, దాన్ని పట్టుకున్న పిడికిలి ఉంది.
గాలి గట్టిగా కొడుతోంది, కడ్డీ కదల్లేదు.
"చూసుకో అమ్మే" అని అరిచాడు,
"ఇటుపక్క సడల్లేదు."