వేపుడు రోజు

బుధవారం మాకు వేపుడు రోజు.
గున్సాన్ రేవు మీద మంచు ఇంకా లేవకముందే
నలుగురం రబ్బరు బూట్లలో కాళ్లు దూర్చి
బస్తాలు విప్పుతాం.

లెక్కల మాస్టారు చెప్పని లెక్క ఒకటుంది:
ఆరువందల నలభై కంచాలు
నాలుగు జతల చేతులు.
భాగించండి.
శేషం మా నడుముల్లో ఉంటుంది.

నూనె కాగితే మేడమీది కిటికీల్లోంచి
"ఇవాళ కోడి!" అని కేకలు.
ఆ కమ్మదనమే మా గొంతులో మసిగా దిగుతుంది.
పొయ్యి మీది ఫ్యాను
ఎన్నాళ్లనుంచో తిరుగుతున్నట్టు నటిస్తోంది.
కాగితం ముక్క దగ్గర పెట్టి చూశాను, కదల్లేదు.
ఆఫీసులో చెబితే
"బడ్జెట్ రానీ" అని నీళ్లు నమిలారు.
పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాను,
ఆ బడ్జెట్ ఏ బస్సులో వస్తుందో.

సెలవులిస్తే పిల్లలు గంతులేస్తారు.
మా జీతం కూడా సెలవు పెట్టేస్తుంది.
ఆగస్టంతా నేను రేవులో
చేపల పొట్టలు చీలుస్తాను.

మాల్సున్ అక్క దగ్గు చలికాలంది అనుకున్నాం.
వేసవి వచ్చినా పోలేదు.
స్కానింగులో తెల్లటి చుక్క,
బియ్యపు గింజంత.
"పందొమ్మిదేళ్లు బియ్యం కడిగానుగా,
ఒక గింజ నాలో ఉండిపోయింది" అని నవ్వింది.
మేమెవరం నవ్వలేదు.
ఆమె ఏప్రన్ ఇంకా మేకుకే ఉంది,
ఎవరూ తీయరు.

నవంబరులో మూడు రోజులు
వంటగదికి తాళం వేశాం.
పిల్లలకు రొట్టె, ద్రాక్షరసం పొట్లం.
ఒకావిడ ఫోన్ చేసి
"పసివాళ్ల అన్నం తాకట్టు పెడతారా?" అంది.
ఆ వరసలో నా కొడుకూ ఉన్నాడని
చెబుదామనుకున్నాను.
చెప్పలేదు. ఆవిడ అన్నదాంట్లో
నాకు గుచ్చుకున్నది ఏదో ఉంది.
సాయంత్రం వాడు ఆ రొట్టెలో సగం
కాగితంలో చుట్టి తెచ్చి,
"అమ్మా, నువ్వు తిన్నావా?" అన్నాడు.

సంతకాలయ్యాయి.
సెలవుల జీతం మాట "పరిశీలనలో" పడింది.
ఐదో మనిషిని ఇస్తామన్నారు, ఇంకా రాలేదు.
ఫ్యాను మాత్రం వచ్చింది.
మార్చిలో మొదటి బుధవారం మీట నొక్కి
కాగితం ముక్క పట్టుకున్నాను.
చేతిలోంచి లాక్కుని
రివ్వున జాలీకి అతుక్కుంది.

మాల్సున్ అక్కకు ఫోన్ కలిపి
ఆ హోరు వినిపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, దగ్గు ఆపుకుంటూ,
"ఇవాళ ఏం వేపుతున్నారు?" అంది.